హైదరాబాద్‌లో పాత షేవింగ్ బ్రష్షుకు కొత్త కుచ్చు పెట్టించాలనుకునేవాళ్లకు హెచ్చరిక

పాత షేవింగ్ బ్రష్షులు బాగుచేసి, అరిగిపోయిన వెంట్రుకలు తీసేసి కొత్త నాట్ వేసి ఇస్తానని ఒకాయన హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నాడు. ముందు-తర్వాత ఫోటోలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. నా బ్రష్ ఆయన చేతిలో పాడైంది. వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు, ఫోన్ నంబరు ఇక్కడ రాయను. ఏం జరిగిందో, మీ బ్రష్ ఎవరి చేతిలోనైనా పెట్టేముందు ఏం అడగాలో మాత్రం రాస్తాను.

ముందు ఒక్క విషయం. నాట్ అంటే బ్రష్షు పైన ఉండే వెంట్రుకల కుచ్చు. అది ఎప్పుడైనా దొరుకుతుంది. నాణ్యమైన సింథటిక్ నాట్ కొన్ని వందల్లో వస్తుంది, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలదైతే కాస్త ఎక్కువ పెట్టాలి. పాత పిడి అలా కాదు, పోతే మళ్లీ రాదు. బ్రష్ ఇచ్చేటప్పుడు అందరూ "ఏ నాట్ వేస్తారు, ఎంత సైజు" అనే అడుగుతారు. పాత కుచ్చు ఎలా బయటికి తీస్తారో అడిగేవాళ్లు తక్కువ. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

నేను ఇచ్చింది ఎవర్-రెడీ అనే కంపెనీ పాత పిడి. పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో తుప్పుపట్టిన రేజర్లు, పగిలిన అద్దాల మధ్య దొరికింది. వెంట్రుకలు సగం రాలిపోయాయి కానీ పిడికి చిన్న గాటు కూడా లేదు. చిక్కటి తేనె రంగు, అడుగున ఎర్రగా చెక్కిన కంపెనీ పేరు. ఈ రంగు గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పాతకాలంలో చాలా పిడులు క్యాటలిన్ అనే పదార్థంతో చేసేవారు. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్ అనే తొలితరం ప్లాస్టిక్‌కు ఇది దగ్గరి చుట్టం. ఫినాల్, ఫార్మల్డిహైడ్ కలిపి చేసే రెజిన్, కాకపోతే పొట్టు, పొడి కలపకుండా పోతపోస్తారు కాబట్టి రంగులు బాగా పలుకుతాయి. తయారైనప్పుడు తెల్లగానో మీగడ రంగులోనో ఉన్న పిడి దశాబ్దాలపాటు గాలి, వెలుతురు తగిలి పైపొర వరకు పచ్చబడుతుంది. మనం ముచ్చటపడే తేనె రంగు ఆ పల్చటి పొరే. గీకితే లోపల పాత తెలుపు బయటపడుతుంది. ఇంకోటి, క్యాటలిన్ వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోయి పెళుసవుతుంది. ఈ పదార్థంతో చేసిన పాత రేడియో పెట్టెలు వాటంతటవే పగుళ్లిస్తాయి. అలాంటి వస్తువును బెంచి వైస్‌లో బిగించి పెద్ద డ్రిల్లు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆయనతో కుదిరిన మాట: పిడి రంగు ముట్టుకోకూడదు, 22 మిల్లీమీటర్ల నాట్, సిల్వర్‌టిప్ గ్రేడు బ్యాడ్జర్, మొత్తం ₹3,200. సగం అడ్వాన్స్ పంపాను. తర్వాత ఆయనే ఫోన్ చేసి "అన్నా, 26 వేస్తే నురుగ మస్తొస్తది, అందరు గదే అడుగుతున్రు" అన్నాడు. వద్దు, 22 చాలన్నాను. ఆ మాట వాట్సాప్‌లో కూడా రాశాను. ఇప్పుడు కేసులో అదే నాకు పనికొస్తోంది.

బ్రష్ తిరిగొచ్చినప్పుడు ముందు రంగు చూసి గుండె ఆగినంత పనైంది. తేనె రంగు పోయి పిడి అంతా పాలిపోయి ఉంది. బఫింగ్ చక్రం మీద పెట్టి రుద్దినట్టున్నాడు, అడుగున ఎర్ర అక్షరాలు సగం అరిగిపోయాయి. దీన్ని ఆయన "పాలిష్ ఫ్రీగా కొట్టించిన" అని సంబరంగా చెప్పాడు. అక్కడితో అయిపోయి ఉంటే సరే, తెలియనితనం అనుకుని వదిలేసేవాణ్ణేమో. వేలితో తడిమితే మెడ దగ్గర ఒకచోట నునుపు తేడాగా తగిలింది. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు పెట్టి తుడిచాక పైనున్న పూత లేచింది. కింద అంచు నుంచి పిడి నడుము దాకా సన్నటి పగులు. కుచ్చు కూర్చునే గుంతను పెద్దది చేయబోయి పగలగొట్టి, ఆ పగుల్లో పసుపు రంగు కలిపిన జిగురు నింపి, ఆ జిగురు రంగు పిడితో కలిసిపోవడానికి మొత్తం పాలిష్ కొట్టాడన్నమాట. ఫ్రీ పాలిష్ మర్మం అది.

పగలడం నేరమని నేననను. పాత వస్తువు, ఎంత పనిమంతుడి చేతిలోనైనా పగలొచ్చు. ఫోన్ చేసి "పగిలింది, ఏం చేద్దాం" అంటే మాట్లాడుకునేవాళ్లం. రంగేసి దాచి పూర్తి డబ్బు తీసుకోవడం మోసం.

నాట్ సంగతికొస్తే అది కొలిస్తే 24. నా మాటా కాదు, ఆయన మాటా కాదు. గుంతలో వేడికి మెత్తబడే గ్లూ గన్ జిగురు పోశాడు. గీజర్ నీళ్లు తగిలేసరికి కుచ్చు ఊగడం మొదలైంది. ఈ పనికి రెండు ట్యూబులు కలిపే అరల్డైట్ లాంటి ఎపాక్సీ వాడి, గట్టిపడడానికి పూర్తిగా ఒక రోజు కదపకుండా వదిలేయాలి. గ్లూ గన్‌తో అరగంటలో పని తేలిపోతుంది, తేడా అంతే.

ఇక బ్యాడ్జర్. అసలు బ్యాడ్జర్ వెంట్రుక మొదట్లో తెల్లగా, మధ్యలో నల్లగా, కొసన మళ్లీ తెల్లగా ఉంటుంది. సింథటిక్‌కూ అచ్చం అలాగే రంగులేస్తారు కాబట్టి చూపుతో తేల్చలేం. కొత్త బ్యాడ్జర్ కుచ్చు తడిస్తే మొదట్లో తడిసిన జంతువు వాసన ఎంతో కొంత వస్తుంది. నాదానికి ఏ వాసనా లేదు. లోపలి వరుస నుంచి రెండు పోగులు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని లైటర్ చూపించాను. వెంట్రుకైతే తల వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోవాలి. ఇది కరిగి కొసన గట్టి పూసలా ముద్దకట్టింది. ప్లాస్టిక్.

సింథటిక్ చెడ్డదని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మెత్తగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది, సబ్బు తక్కువ తాగుతుంది, మన వానాకాలం ముక్కకంపు బాధ ఉండదు. నేను రోజూ వాడేదీ అదే. బ్యాడ్జర్ ధర తీసుకుని అది ఇవ్వడంతోనే నా పేచీ. "సిల్వర్‌టిప్", "సూపర్", "బెస్ట్" అనే గ్రేడ్లకు అందరూ పాటించే కొలమానం ఏదీ లేదు, ఎవరి లెక్క వాళ్లది. ఆ మాటలు చూసి ధర ఒప్పుకోకండి.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "పాత ప్లాస్టిక్ గట్లనే ఉంటది అన్నా, మీరు వేడి నీళ్లల్ల పెట్టిన్రు కావచ్చు." షేవింగ్ బ్రష్షును వేడి నీళ్లలో కాక ఇంకెక్కడ పెట్టాలి? ఫోటోలు పంపాక నంబరు బ్లాక్ చేశాడు.

ఎర్రగడ్డ సంతలో పాత రేజర్లు అమ్మే ఒక పెద్దాయనకు ఈ బ్రష్ చూపించాను. చూసీ చూడగానే "వైస్‌లో బిగించిన్రు" అన్నాడు. పిడి నడుముకు రెండు పక్కలా నొక్కుళ్లు ఉన్నాయట, అప్పటిదాకా నా కంటికి ఆనలేదు. సరైన పద్ధతి ఇదీ: ముందు వెంట్రుకలు తడిపి అంచుదాకా కత్తిరించాలి. తర్వాత మధ్యలో సన్నటి డ్రిల్లుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా వెడల్పు చేయాలి. గోడ దగ్గరికి వచ్చాక డ్రిల్లు ఆపేసి, చేతిలో పట్టే చిన్న రోటరీ మెషిన్‌కు గరుకు కాగితం చుట్టిన చక్రం తగిలించి మిగిలిన పాత జిగురు అరగదీయాలి. పిడిని గుడ్డలో చుట్టి చేత్తోనే పట్టుకోవాలి. గుంత మరీ లోతైతే అడుగున చెక్క ముక్కో వాషరో వేసి ఎత్తు సరిచేయాలి, లేకపోతే వెంట్రుకలు ఎక్కువ లోపలికి దిగి కుచ్చు కర్రలా బిర్రుగా అవుతుంది. జిగురు పెట్టకముందే నాట్ ఊరికే నిలబెట్టి ఎత్తు చూసుకోవాలి. ఇందులో తొందరపడే పని ఒక్కటీ లేదు. "సాయంత్రానికి ఇచ్చేస్తా" అనేవాడి దగ్గరికి వెళ్లకండి.

అడగాల్సినవి కూడా ఇందులోనే ఉన్నాయి. గుంతను వెడల్పు చేస్తారా, ఉన్న సైజుకు సరిపోయే నాటే వేస్తారా? చాలా పాత పిడుల్లో గుంత 20, 22 మిల్లీమీటర్లే. 26 కావాలంటే గోడ పల్చబడడం ఖాయం, నాకైతే వాటి జోలికే పోవద్దనిపిస్తుంది. పగిలితే ఎవరి బాధ్యత? పని మధ్యలో, అంటే పాత కుచ్చు తీసేసి గుంత ఖాళీగా ఉన్నప్పుడు ఫోటో పంపుతారా? నిజంగా పని తెలిసినవాళ్లు ఆ ఫోటో గర్వంగా పంపుతారు. ఇచ్చేముందు మీరు కూడా పిడిని అన్ని వైపులా, అడుగుతో సహా, స్కేలు పక్కన పెట్టి పగటి వెలుతురులో ఫోటోలు తీసుకోండి. వంటింటి త్రాసు ఉంటే బరువు కూడా రాసుకోండి.

బరువు ఎందుకంటే పిడి మార్చేసే అవకాశం కూడా ఉంది. నాకు జరగలేదు కానీ అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. ఉప్పు ఇక కరగదు అన్నంత చిక్కగా నీళ్లలో కలిపి, నాట్ లేని గట్టి పిడిని గుంతలో గాలి బుడగ మిగలకుండా వేయండి. క్యాటలిన్ మునుగుతుంది, కొత్త యాక్రిలిక్ నకలు తేలుతుంది. లోపల బోలుగా ఉన్న పిడికీ, బరువు కోసం లోహం పెట్టినదానికీ ఇది పనికిరాదు. వేడి సూది గుచ్చే పరీక్ష అసలు చేయకండి, మచ్చ పడుతుంది. సెల్యులాయిడ్ పిడి అయితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది ఆయనే అమ్మే ఇంకో రకం సరుకు గురించి. "పాత కుచ్చు ఒరిజినల్, కడిగి శుభ్రం చేశాం" అని కొన్ని బ్రష్షులు ఎక్కువ ధరకు పెడుతున్నాడు. దయచేసి వాటిని మొహానికి తాకించకండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చవక గుర్రపు వెంట్రుకలను బ్యాడ్జర్‌లా కనబడేట్టు చేసి బ్రష్షులు తయారుచేశారు. వాటిలో కొన్నింటిని సరిగా శుద్ధి చేయకపోవడంతో అమెరికాలో, ఇంగ్లండ్‌లో గడ్డం గీసుకున్నవాళ్లకు ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక బ్యాక్టీరియా జబ్బు సోకింది, కొందరు చనిపోయారు. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్షుల దిగుమతినే ఆపేసింది. అప్పటి బ్రష్షుల మీద "స్టెరిలైజ్డ్" అన్న ముద్ర కనబడేది అందుకే. ఆంత్రాక్స్ బీజాలు దశాబ్దాలు బతికి ఉండగలవు, షాంపూతో కడిగితే పోవు. మీ చేతిలో ఉన్న బ్రష్షులో అవి ఉండే అవకాశం తక్కువే, కానీ ఏ జంతువు వెంట్రుకో, ఎవరు వాడారో తెలియని కుచ్చును రేజరు గాట్ల మీద రుద్దుకోవాల్సిన అవసరం ఏముంది? ఇంట్లోనే కుచ్చు తీసేవాళ్లు మాస్కు, గ్లౌజులు వేసుకోండి, వెంట్రుకలు పొడిగా ఉండగా కత్తిరించకండి.

ఇంకో రెండు వలలు. "ఇది ముంగిస వెంట్రుక, ఇండియన్ బ్యాడ్జర్" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ముంగిస వెంట్రుకలతో బ్రష్షులు చేయడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పెయింటింగ్ బ్రష్షుల వ్యాపారంలో దీనిమీద ఎన్నో దాడులు జరిగాయి. అలాగే "అసలు ఏనుగు దంతం పిడి" అంటే అది అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే కేసు మీద పడుతుంది. దంతం కొనుగోలు, అమ్మకం రెండూ మన దేశంలో నిషిద్ధం.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. మనం చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వకపోయినా యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, ముందు తీసిన ఫోటోలు దాచుకోండి. బ్రష్షును మళ్లీ రిపేరుకు ఇవ్వకండి, అది సాక్ష్యం. నా నాట్ ఇంకా ఊగుతూనే ఉంది, అలాగే కవర్లో పెట్టి ఉంచాను.

ఆయన ఈమధ్య పాత పేజీ తీసేసి కొత్త పేరుతో ఇంకోటి తెరిచాడు. ఫోటోలు మాత్రం అవే. నా పిడి కూడా అందులో ఉంది, పగులు ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాడు. ఎవరైనా ఇటీవల బ్రష్ ఇచ్చి ఉండి, ఇంకా డ్రిల్లు పడలేదని తెలిస్తే, అడ్వాన్స్ పోయినా సరే ఈరోజే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. ఇప్పటికే పాడైపోయి ఉంటే నాకు మెసేజ్ చేయండి, ఫిర్యాదు ఎలా రాశానో పంపిస్తాను.