అయొడిన్ చుక్కకు నీలం తిరిగిందని స్టార్చ్ దానా కొనేయకండి

క్యారీ బ్యాగుల యూనిట్లు నడిపేవాళ్లకు హెచ్చరిక. మొక్కజొన్న స్టార్చ్‌తో చేసిన కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) దానా, అంటే బ్యాగులు తీసే ప్లాస్టిక్ గుళికలు, అని అంటగట్టే సరుకు తీరా చూస్తే ఒక్కోసారి పాలిథిన్‌లో స్టార్చ్ కలిపిన మిశ్రమం. అమ్మేవాళ్లు దానా మీద టించర్ అయొడిన్ చుక్క వేసి, నీలం తిరగగానే అదే రుజువంటారు. లోపల స్టార్చ్ ఉందన్నంతవరకే ఆ రంగు చెప్పేది. మిగతాదంతా ఏమిటో చెప్పదు.

అసలు సంగతి ఆ మిగతాదాంట్లోనే ఉంది. పాలిథిన్‌లో స్టార్చ్ తక్కువుంటే రేణువుల చుట్టూ పాలిథిన్ కప్పేసి, సూక్ష్మజీవులకు అందనివ్వదు. ఎక్కువ కలిపితే స్టార్చ్‌ను మట్టి తినేస్తుంది, సంచి చిల్లులు పడి తునకలవుతుంది, పాలిథిన్ మాత్రం అలాగే మిగులుతుంది. స్టార్చ్‌తో జతకలిపేది కూడా కుళ్లేదే కావాలి, పీబీఏటీ, పీఎల్ఏ అనే కుళ్లే ప్లాస్టిక్‌ల లాంటిది.

మెషిన్ మీదా తిప్పలే. స్టార్చ్‌లో మామూలుగానే పది పన్నెండు శాతం తేమ ఉంటుంది. సరిగా ఆరబెట్టకపోతే మెషిన్‌లో దానా కరిగే గొట్టం, అంటే బ్యారెల్‌లో, ఆ తేమ ఆవిరై ఫిల్మ్‌కు సన్నని కన్నాలు పడతాయి. అప్పుడు వేడి పెంచడం పెద్ద పొరపాటు, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్టార్చ్ మాడి ఫిల్మ్ గోధుమరంగుకు తిరుగుతుంది. పైగా మొక్కజొన్న స్టార్చ్ రేణువు ఇంచుమించు 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 20 మైక్రాన్ల ఫిల్మ్‌లో అలాంటి రేణువులుంటే చేతికి గరుకుగా తగులుతుంది, సీలు దగ్గర చిరుగుతుంది.

సరుకు ఏదో తేల్చుకోవాలంటే ఫిల్మ్ ముక్కను సబ్బు చుక్క వేసిన నీళ్లలో ముంచి వదలండి. తేలితే అది పాలిథిన్ సరుకే. మునిగినంత మాత్రాన మంచిదనుకోకండి, స్టార్చ్ ఎక్కువున్నా సుద్దపొడి కలిపినా మునుగుతుంది. కాలిస్తే కొవ్వొత్తి ఆర్పిన వాసన వచ్చిందా, అనుమానించాల్సిందే. గట్టి పరీక్ష డైక్లోరోమీథేన్ అనే ద్రావకంతో: పీబీఏటీ, పీఎల్ఏ అందులో కరిగిపోతాయి, స్టార్చ్ తెల్లపొడిగా అడుగుకు చేరుతుంది, పాలిథిన్ ముక్క ముక్కలాగే ఉంటుంది. దాని ఆవిరి పీల్చకూడదు కాబట్టి ల్యాబ్‌లోనే చేయించండి.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగుకు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నిబంధన నుంచి కంపోస్టబుల్ బ్యాగులకు మినహాయింపు ఉంది, అదీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉంటేనే. స్టార్చ్ కలిపిన పాలిథిన్‌కు అది వర్తించదు, సరుకు పట్టుబడితే జరిమానా మీ మీదే. అందుకే కంపోస్టబుల్ ప్లాస్టిక్ ప్రమాణమైన ఐఎస్/ఐఎస్ఓ 17088 పరీక్ష రిపోర్టు అడగండి, అందులోని గ్రేడు పేరు బస్తా మీద పేరుతో కలుస్తోందో లేదో చూడండి. ఇన్‌వాయిస్‌లో ‘బయో దానా’ అని ఒప్పుకోవద్దు, ఏ పాలిమర్ ఎంత శాతమో రాయించుకోండి. రాయనంటే లారీ నుంచి బస్తా దించనివ్వకండి.