షుగర్ ఫ్యాక్టరీ అగ్రిమెంటు: రెండెకరాల రైతు రివ్యూ

ఫ్యాక్టరీతో అగ్రిమెంటు రాసుకుని చెరకు వేస్తే గిట్టుబాటవుతుందా అని విజయవాడలో స్థిరపడి ఊళ్లో కాస్త పొలం ఉంచుకున్న మా బంధువులు తెగ అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. ఏ ఫ్యాక్టరీ అన్నది చెప్పను. నాది కృష్ణ కరకట్ట దగ్గర రెండెకరాల పైచిలుకు. ఇరవై ఎకరాల ఆసాములు ఇది చదవక్కర్లేదు, వాళ్ళకు జరిగే మర్యాదే వేరు. ఐదుకి మూడు స్టార్లు.

విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చి చెరకు బిల్లులో పట్టుకుంటారు. నాట్ల టైంలో బయట వడ్డీకి తిరిగినవాళ్ళకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు. ఇంకో మంచి సంగతి నారు. మూడు కళ్ళ ముచ్చెలు (చెరకు గడ ముక్కలు) ఎకరానికి వేలకు వేలు పాతడం మా అలవాటు, ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్ వచ్చి ట్రేలలో పెంచిన ఒంటికన్ను నారు పెట్టండి, సాలుకీ సాలుకీ 5 అడుగులు, మొక్కకీ మొక్కకీ 2 అడుగులు అన్నాడు. అలా అయితే లెక్కకి ఎకరాకు 4,356 మొక్కలే పడతాయి. "చెరకు వేస్తున్నావా, మామిడి తోట పెడుతున్నావా" అని మా నాన్న ఒకటే నవ్వు. పిలకలు దుబ్బు కట్టాక ఆయనే పక్క రైతుల్ని పిలిచి చూపించాడు. విత్తనం ఖర్చు తగ్గింది, సాళ్ళ మధ్య పవర్ వీడర్ తిరుగుతోంది, గాలీ వెలుతురూ ఆడి గడలు లావెక్కాయి. దిగుబడి వరకు అగ్రిమెంటు వల్ల మేలే జరిగింది.

రేటు దగ్గరే అసలు తిరకాసు. 2025-26 సీజన్‌కి కేంద్రం ఇచ్చిన ఎఫ్ఆర్‌పీ, అంటే ఫ్యాక్టరీ ఇచ్చి తీరాల్సిన కనీస రేటు, క్వింటాలుకు 355 రూపాయలు, కానీ అది 10.25 శాతం రికవరీకి, అంటే చెరకు బరువులో అంత శాతం పంచదార దిగితేనే. రికవరీ 9.5 శాతం లోపుంటే 329.05. ఎకరాకు 40 టన్నులు అనుకుంటే తేడా పది వేలు దాటుతుంది. పోనీ మనం బాగా పండిస్తే మనకు ఎక్కువ ఇస్తారా అంటే లేదు, ఆ రికవరీ ఫ్యాక్టరీ మొత్తానికి తీసిన సగటు. పండిన తోట సరైన రోజున నరికి పంపిన రైతుకీ, మట్టీ మొవ్వూ కలిపి బండికెత్తినవాడికీ ఒకటే రేటు. టన్నులు పెంచుకోవడం మన చేతిలో ఉంది, తీపి పెంచినందుకు మాత్రం విడిగా పైసా రాదు.

దానికి తోడు కటింగ్ ఆర్డర్ (ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ ఇచ్చే చీటీ) టెన్షన్. నాటిన తేదీని బట్టి వరసలో ఇస్తామంటారు. తీరా ఆర్డర్ వచ్చాక నరుకుడు ముఠా రాదు, ఎందుకంటే పెద్ద కమతంలో దిగితే వాళ్ళకు వారం పని, మన దగ్గర దిగితే మళ్ళీ సామాను సర్దుకోవాలి. నరికిన చెరకు 24 గంటల్లోపు గానుగెక్కాలి, ఆలస్యమైతే బరువూ పోతుంది, పంచదారా పోతుంది. మా లోడు యార్డులో ఎండలో నిలబడిపోయింది, అడిగితే "లైనులో ఉంది కదండీ" అన్నారు. ఎండినందుకు నష్టం మనదే, కాటా అయ్యేదాకా చెరకు మనదే కదా!

ముఠా వచ్చిన రోజు గట్టు మీద కూర్చోకండి, పక్కనే ఉండండి. తొందరలో నాలుగు వేళ్ళ మోడు వదిలి నరుకుతారు. గడలో ఎక్కువ తీపి ఉండేది ఆ అడుగు కణుపుల్లోనే, పైగా మోడు వదిలితే కార్సి తోట (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే పంట) పిలకలు భూమి పైనుంచి లేచి వేరు పట్టవు. నేలమట్టానికి నరకమని చెప్తే విసుక్కుంటారు, టీ తెప్పించండి, నరుకుతారు.

డబ్బుల విషయం. 1966 నాటి షుగర్‌కేన్ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో చెల్లించాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. మాకు బిల్లు లేటుగానే పడింది, వడ్డీ మాట ఎత్తితే గుమస్తా నన్ను వింతగా చూశాడు. కాటా చీటీలో తరుగు ఎంత పట్టారో, బిల్లులో ఎరువు బాకీ మీద వడ్డీ ఎలా వేశారో కూడా చూసుకోండి.

కౌలుదార్లకైతే రెండు స్టార్లు కూడా ఇవ్వను. అగ్రిమెంటు ఆసామి పేరున ఉంటే బిల్లు ఆయన ఖాతాలో పడుతుంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు పత్రం 11 నెలలకే, మొక్క తోటకే దాదాపు ఏడాది పడుతుంటే కార్సి సంగతి ఇక ఎవరు రాసిస్తారు?

నేను కార్సి ఉంచుతున్నా, అగ్రిమెంటు కూడా కొనసాగిస్తా, ఎందుకంటే బెల్లం వండించే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. కొత్తగా చేరేవాళ్ళు నాటిన రోజే ఫీల్డ్‌మ్యాన్‌ని పొలానికి పిలిచి తేదీ పుస్తకంలో ఎక్కించి, ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. కటింగ్ ఆర్డర్ దగ్గర గొడవైతే చూపించడానికి మన దగ్గరుండేది అదొక్కటే.