జెస్సికా ప్రాట్: ఇంటి టేపా, స్టూడియో గదా?
1960ల ఫోక్ (జానపద శైలి సంగీతం) పునరుజ్జీవన గాలిని నేటి పాటలోకి తెచ్చిన అమెరికన్ గాయని, గీతకర్త జెస్సికా ప్రాట్‌ను కొత్తగా వినబోయేవారు 2015 నాటి ‘ఆన్ యువర్ ఓన్ లవ్ అగైన్’తో మొదలుపెట్టాలా, 2019లో వచ్చిన ‘క్వైట్ సైన్స్’ (Quiet Signs)తోనా అన్న సందేహంలో పడటం సహజం. 2015 ఆల్బమ్‌ను ఆమె ఇంట్లోనే టేపు మీద రికార్డు చేసుకున్నారు. గిటారు నైలాన్ తీగల మీద వేళ్ల కదలిక, టేపు సన్నని రొద, తన గొంతుకు తానే జతచేసుకున్న మరో గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టే ఉంటాయి. రెండోది బ్రూక్లిన్ స్టూడియోలో తయారైంది. అది పియానోతో మొదలవుతుంది, అక్కడక్కడ ఫ్లూట్ పలకరిస్తుంది, గిటారు చుట్టూ నిశ్శబ్దానికి చోటు ఎక్కువ. శుభ్రమైన ధ్వని కోరేవారికి ఇదే మేలు. అయితే పాత ఫోక్ రికార్డుల రుచి మరిగినవారికి (నేనూ ఆ కోవలోవాడినే) ఆ రొదే పాటలో సగం కనుక, 2015 నాటిదాన్నే ముందు వినమంటాను. మాటలు ఒక పట్టాన అందకపోవడం మాత్రం రెండింటిలోనూ ఉంది.