చప్పుడు ఆపారు, గాలినీ ఆపారు: రెండు డీజీ (డీజిల్ జనరేటర్) సెట్లున్న మా గది

ఈ గది గురించి ఎవరు అడిగినా మొదట్లో నేను చెప్పింది ఒక్కటే: "లోపల 500 కేవీఏ సెట్ నడుస్తున్నా గోడ అవతల నిలబడి హాయిగా ఫోన్ మాట్లాడుకోవచ్చు." అప్పట్లో అది నిజమే. కానీ ఆ నిశ్శబ్దానికి మేం ఏం చెల్లిస్తున్నామో తెలిశాక మళ్ళీ ఆ మాట అనబుద్ధి కాలేదు. గాలి లోపలికి వచ్చే గోడలో పెట్టిన అటెన్యుయేటర్ (గాలిని వదిలి చప్పుడుని మింగే పలకల వరస) మీద నాకున్నంత కోపం ఈ గదిలో ఇంకే వస్తువు మీదా లేదు.

సెట్ల గురించి, పునాది గురించి, ప్యానెల్ గురించి చెప్పడానికేమీ లేదు. గాలి దారి కూడా పద్ధతిగానే గీశారు. ఆల్టర్నేటర్ల (కరెంట్ పుట్టించే భాగాల) వెనక గోడలోంచి లోపలికి వచ్చి, ఇంజిన్ల మీదుగా, రేడియేటర్ల గుండా ఎదురు గోడలోంచి బయటికి పోవాలి. రేడియేటర్‌కీ గోడకీ మధ్య కాన్వాస్ డక్ట్ బిగుతుగా ఉంది. ఎగ్జాస్ట్ పైపుకి లాగింగ్ (వేడి బయటికి రానివ్వని చుట్టు) మందంగా చుట్టారు. చాలా గదుల్లో ఈ రెండూ మొక్కుబడిగా కానిచ్చేస్తారు. మా వాళ్ళు శ్రద్ధగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి.

మరి గొడవ ఎక్కడొచ్చిందంటే, ఎండలు ముదిరాక ఒక్క సెట్ నడిపితే కాసేపటికి హై వాటర్ టెంపరేచర్ అలారం, ఆ వెంటనే ట్రిప్, అంటే సెట్ తనంతట తానే ఆగిపోవడం. రెండూ కలిపి నడిపితే ఏ గొడవా లేదు. గదిలో వేడి రెట్టింపు కావాల్సిన రోజున బాగుండి, సగమే ఉన్న రోజున ట్రిప్ అవడమేమిటి? రెండు నడిస్తే లోడ్ చెరిసగం పంచుకుంటాయి, అందుకే చల్లగా ఉంటాయని అందరూ తేల్చేశారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే ఆ జవాబు మమ్మల్ని చాలాకాలం తప్పుదారిలో తిప్పింది. సర్వీసు వాళ్ళు వచ్చి కూలెంట్ మార్చారు, థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కితేనే తెరుచుకుని రేడియేటర్‌కి వదిలే కవాటం) మార్చారు, బెల్టు బిగించారు, రేడియేటర్ కడిగారు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అదే కథ. కరెంట్ పోయిందంటే చాలు, టెన్షన్.

అసలు సంగతి పట్టింది మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు. ఒక సెట్ నడుస్తుండగా, ఆగి ఉన్న రెండోదాని రేడియేటర్ మీద చెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు. "సార్, ఇది నడవట్లేదు కదా, ఎందుకింత కాలుతోంది?" ఆగి ఉన్న ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే జాకెట్ హీటర్ వల్లేమో అన్నారు పక్కనున్నవాళ్ళు. కానీ ఆ హీటర్ వేడి చేసేది ఇంజిన్ బ్లాకులోని నీళ్ళని. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకునే ఉంటుంది కాబట్టి ఆ వేడి రేడియేటర్ దాకా రాదు. కాటన్ వేస్ట్‌లోంచి నాలుగు పోగులు లాగి ఆ రేడియేటర్‌కి లోపలి వైపున పట్టుకున్నాం. పోగులు ఇంజిన్ వైపుకి తిరిగి నిటారుగా నిలబడ్డాయి. అంటే గాలి బయటికి పోవాల్సిన దారిలోంచి లోపలికి వస్తోంది. వస్తున్నది మామూలు గాలి కూడా కాదు, పక్క సెట్ అప్పుడే బయటికి ఊదిన వేడిగాలి!

తెలిశాక చాలా తేలికైన విషయం. నడుస్తున్న సెట్ ఫ్యాన్ ఎంత గాలి బయటికి నెడితే అంతా లోపలికి తిరిగి రావాలి. రావాల్సిన దారిలో అటెన్యుయేటర్ పలకలు ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరగా ఉన్నాయి, దానికి తోడు దోమల మెష్. ఆగిన సెట్ వైపు మాత్రం ఏ అడ్డూ లేదు. రెండు సెట్ల గాలి బయటికి పోయే నోళ్ళూ ఒకే గోడలో పక్కపక్కనే, మధ్యలో చిన్న అడ్డగోడ కూడా లేకుండా పెట్టారు. రెండూ నడిచినప్పుడు ఎవరి ఫ్యాన్ వాళ్ళ నోట్లోంచి బయటికే ఊదుతుంది కాబట్టి ఈ దొడ్డిదారి ఉండదు. అదీ ఆ పొడుపుకథ.

గది గీసినవాళ్ళు లెక్కలు వేయలేదని అనను. 400 కిలోవాట్ల (అదే 500 కేవీఏ) సెట్ ఒంటి నుంచి గదిలోకి 50 కిలోవాట్ల వేడి వస్తుందనుకుని, గది 10 డిగ్రీలకి మించి వేడెక్కకూడదంటే సెకనుకి దాదాపు 4.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇంజిన్ పీల్చుకునేది ఇంకో 0.7 దాకా. రేడియేటర్ ఫ్యాన్ అడిగేది వీటన్నిటికంటే ఎక్కువ. ఇవన్నీ వాళ్ళ కాగితాల్లో ఉన్నాయి. లేనిది ఒత్తిడి. సెట్ మీద వచ్చే రేడియేటర్ ఫ్యాన్లు చాలావరకు 125 పాస్కల్ దాకానే, అంటే ఇంచుమించు 13 మిల్లీమీటర్ల నీటి మట్టం దాకానే, అడ్డు తట్టుకుంటాయి. వచ్చే దారి, పోయే దారి రెండూ కలిపి అంతే. గోడకి కొట్టిన కంత కొలత వేరు, అందులో గాలికి దక్కే ఖాళీ వేరు. మామూలు లూవర్ (వాలు రేకుల కిటికీ)లోనే దాదాపు సగం రేకుల కింద పోతుంది. పైగా గాలికి దొరికే దారి సగమైతే వేగం రెట్టింపు, ఒత్తిడి నష్టం నాలుగింతలు.

గదికీ బయటికీ ఒత్తిడి తేడా ఎంతో చూద్దామని, పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో చెక్కకి బిగించి, నీళ్ళు పోసి, ఒక కొసని తలుపు సందులోంచి బయటికి వదిలాం. ఒక్క సెట్ నడుస్తుంటే 5 మిల్లీమీటర్ల తేడా చూపించింది.

(ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. గాలి చాలక గొంతు పిసికినట్టున్న గదిలోంచి ఇంకాస్త గాలి లాగేస్తే రేడియేటర్‌కి మిగిలేదేమిటి? ఫ్యాన్ తప్పదనుకుంటే లోపలికి నెట్టేదే పెట్టాలి.)

ముందు రెండు బయటి నోళ్ళకీ గ్రావిటీ డాంపర్లు పెట్టించాం. సెట్ ఊదితే రేకులు లేస్తాయి, ఆగితే తమ బరువుకి తామే పడిపోతాయి. ఆ రోజు నుంచి ఒంటరి సెట్ ట్రిప్ కాలేదు. సంబరపడుతుండగానే కొత్త తలనొప్పి మొదలైంది. సెట్ నడుస్తుంటే గది తలుపు రావడం లేదు! బయటికి తెరిచే తలుపు, రెండు చేతులతో లాగాలి. గొట్టంలో చూస్తే తేడా 9 మిల్లీమీటర్లకి చేరింది. దొడ్డిదారి మూసేశాం కదా, గాలంతా ఆ ఇరుకు అటెన్యుయేటర్‌లోంచే రావాలి. 9 మిల్లీమీటర్లంటే వినడానికి చిన్నదే, కానీ 2 చదరపు మీటర్ల తలుపు మీద అది 18 కేజీల బలం. లోపల ఏదైనా జరిగితే మనిషి గబగబా బయటపడాల్సిన గదిది. బయటికి పోయే డక్ట్, డాంపర్ అడ్డు కూడా కలిపితే ఫ్యాన్ హద్దు మీదే నడుస్తోంది. డాంపర్లు రోగాన్ని చూపించాయి గానీ, మందు లోపలికొచ్చే గోడలోనే ఉంది.

చివరికి ఆ గోడనే పగలగొట్టించాం. పాతదానికి ఆనుకుని దాదాపు అంతే వెడల్పున ఇంకో అటెన్యుయేటర్, పలకల మధ్య ఎడం ఎక్కువ, చప్పుడు కోసం పొడవు ఎక్కువ. దోమల మెష్ పీకేసి పిట్టలు దూరనంత జాలీ పెట్టాం. ఆ మెష్ చేతికొచ్చినప్పుడు చూడాలి, దూది పరుపులా ఉంది, వెలుతురుకి ఎత్తిపట్టినా అవతల ఏమీ కనబడలేదు. ఇప్పుడు తేడా 3 మిల్లీమీటర్లు. తలుపు ఒక చేత్తో వస్తుంది. గోడ అవతల ఫోన్ మాట్లాడాలంటే మాత్రం కాస్త గొంతు పెంచాలి.

ఇలాంటి ఏర్పాటు పెట్టుకోవచ్చా అంటే, ఒకే సెట్ ఉన్నవాళ్ళకి మా బాధల్లో సగం తగలవు. పక్కనే జనం పడుకునే గదులుంటే అటెన్యుయేటర్ వద్దని నేను కూడా చెప్పలేను. గాలి దారికి గోడలో చోటు ముందే ఉదారంగా ఉంచుకోండి, తర్వాత పగలగొట్టడం మహా నరకం. మావి బ్యాకప్ సెట్లు. రెండూ పూర్తి లోడ్‌తో గంటల తరబడి నడపాల్సిన అవసరం ఇంకా రాలేదు. వస్తే ఈ 3 మిల్లీమీటర్లు ఎంతవుతాయో చూడాలి.

డాంపర్ల మీద కూడా చిన్న ఫిర్యాదుంది. ఇంజిన్ బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి వదిలే గొట్టం) నుంచి వచ్చే నూనె ఆవిరి, దుమ్ము కలిసి ఇరుసుల దగ్గర జిగురు కడుతోంది. ఒక రేకు సగంలోనే ఆగిపోవడం చూశాక, నెలవారీ టెస్ట్ రన్‌కి ముందు అన్నిటినీ చేత్తో ఎత్తి వదిలి చూడమని రిజిస్టర్‌లో రాయించాను.