బాన్స్కా ష్టియావ్నిట్సా గని టూర్: స్వెటర్ మర్చిపోకండి

స్లోవేకియా కొండల మధ్య ఉన్న ఈ ఊరి జనాభా ఇప్పుడు 10 వేలు కూడా ఉండదు, కానీ 18వ శతాబ్దంలో హంగరీ రాజ్యంలోని పెద్ద పట్టణాల్లో ఇదొకటి, అంతా వెండి పుణ్యమే. మేం పాత గనిలోకి దిగే టూర్ తీసుకున్నాం. హెల్మెట్, కోటు, లైటు ఇచ్చి పంపుతారు. లోపల తడి గోడలు, తల వంచితే గానీ దాటలేని సొరంగాలు, పొడుగ్గా ఉండే మా బావ హెల్మెట్ పైకప్పుకి టకటకా కొట్టుకుంటూనే ఉంది. 1627లోనే ఇక్కడ గనిలో రాయి పేల్చడానికి మందుగుండు వాడారు. బయట ఎండ మండుతున్నా లోపల వణుకే. గనుల్లో నీళ్లు తోడే యంత్రాలు నడపడానికి కట్టిన చెరువుల్లో ఇప్పుడు జనం ఈత కొడుతున్నారు, నిజం చెప్పాలంటే నాకు టూర్ కంటే అదే నచ్చింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఆలోచించుకోండి.