దోరగా కాచిన పీపా రుచి: కెంటకీలో మూడు రోజులు

ఒహాయోలోని కొలంబస్ నుంచి కెంటకీలోని లూయీవిల్‌కి కారులో మూడున్నర గంటల దారి. మా బావ మందు ముట్టడు కాబట్టి మూడు రోజులూ స్టీరింగ్ తన చేతిలోనే ఉంది. బర్బన్ అనే అమెరికన్ విస్కీ రుచి చూడ్డానికి కెంటకీ వెళ్లేవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఇదే: తాగని మనిషి ఒకరు తోడు లేకపోతే సొంత కారు తీయకండి, డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకోండి.

నేను వెళ్లింది ఒకే ఒక్క రుచి కోసం. టోస్టెడ్, అంటే దోరగా కాచిన ఓక్ పీపాలో రెండోసారి ఊరిన బర్బన్.

బర్బన్‌కి అమెరికా చట్టంలో గట్టి నియమాలున్నాయి. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే ఊరాలి. మాడ్చడమంటే పీపా లోపల మంట పెట్టి పైపొర బొగ్గయ్యేదాకా కాల్చడం. ఒక నిమిషం కూడా పట్టదు. టోస్టింగ్ అలా కాదు. చెక్క లోపలిదాకా వేడి దిగేలా సన్న సెగ మీద నిదానంగా కాస్తారు. నువ్వులు దోరగా వేయించడానికీ మాడబెట్టడానికీ ఎంత తేడా ఉందో, ఇక్కడా అంతే. దోరగా వేగినప్పుడు చెక్కలోని హెమిసెల్యులోజ్ అనే పీచు విరిగి చక్కెరలవుతుంది, లిగ్నిన్ అనే మరో పదార్థం నుంచి వెనిలా వాసననిచ్చే వెనిలిన్ పుడుతుంది. చట్టం మాడ్చిన పీపానే అడుగుతుంది కాబట్టి ఉత్త దోర పీపాలో బర్బన్ మొదలుపెట్టడానికి వీల్లేదు. అందుకే ముందు మాడ్చిన పీపాలో ఊరబెట్టి, తయారయ్యాక దోర పీపాలోకి మారుస్తారు.

మొదటి రోజు లూయీవిల్ వెస్ట్ మెయిన్ స్ట్రీట్‌లో మిక్టర్స్ అనే విస్కీ కంపెనీ వాళ్ల ఫోర్ట్ నెల్సన్ డిస్టిలరీ చూశాం. ఎదురుగానే ఆకాశానికి నిలబెట్టినట్టుండే పెద్ద బేస్‌బాల్ బ్యాట్ ఉంటుంది, దారి తప్పే ప్రశ్నే లేదు. 1890 నాటి కట్టడాన్ని నిలబెట్టి 2019లో తెరిచారు. టోస్టెడ్ బ్యారెల్ ఫినిష్ పేరుతో 2014లో సీసా తెచ్చింది వీళ్లే. వీళ్ల రెండో పీపాకి మంట తగలనివ్వరు, దోరగా కాచి ఆపేస్తారు. టూర్ చక్కగా నడుస్తుంది, చెప్పేవాళ్లకి విషయం తెలుసు. టోస్టెడ్ మాత్రం ఎప్పుడుపడితే అప్పుడు దొరికే సరుకు కాదు. మేం వెళ్లిన రోజు లేదు.

ఆ రాత్రి ఊరి నడిబొడ్డున ఉన్న హోటల్ నాకు నచ్చలేదు. గది శుభ్రంగానే ఉంది కానీ, పార్కింగ్ రుసుము సంగతి బుక్ చేసినప్పుడు ఎక్కడా కనబడలేదు, పొద్దున బిల్లులో కనబడింది. అడిగితే చిన్న అక్షరాలు చూపించారు. రెండో రాత్రి బార్డ్స్‌టౌన్‌లో పాత ఇంట్లో నడుపుతున్న చిన్న బసలో దిగాం. మెట్లు కిర్రుమంటాయి, బాత్రూమ్ ఇరుకు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను. బావ శాకాహారి అని చెప్పగానే ఆ ఇల్లు నడిపే పెద్దావిడ తన కోసం పొద్దున్నే వేరే పెనం పెట్టింది.

మూడు రోజుల్లో నా మనసులో నిలిచిపోయింది డిస్టిలరీ కాదు, లెబనాన్ ఊళ్లోని పీపాల కార్ఖానా, కెంటకీ కూపరేజ్. మేం మంగళవారం వెళ్లాం. పని జరిగే రోజునే వెళ్లండి, ఉత్త షెడ్డు చూసి లాభం లేదు. ఒకాయన ఇనుప కట్టులోపల చెక్కలు నిలబెడుతున్నాడు. వెడల్పుది ఒకటి, సన్నది ఒకటి, కళ్లతోనే కొలుచుకుంటూ, పేకముక్కలు పంచినంత వేగంగా. ఆఖరి చెక్క అరచేత్తో ఒక్క దెబ్బకి ఇరుకులో కూర్చుంది. మేకు లేదు, జిగురు లేదు. 53 గ్యాలన్ల సరుకు, అంటే మన లెక్కలో 200 లీటర్లు, ఆ బిగింపు మీదే ఏళ్ల తరబడి నిలబడాలి. కాపుడు జరిగే చోట ఒక వాసన వచ్చింది. మాది అనకాపల్లి వైపు. చెరకు క్రషింగ్ రోజుల్లో బెల్లం పెనం దగ్గర పాకం ముదురుతున్నప్పుడు వచ్చే వాసనకి దగ్గరగా ఉంది. బావ నా వైపు చూసి "పాకం దించే టైమయింది" అన్నాడు.

ఆ సాయంత్రం బార్డ్స్‌టౌన్‌లో ఒక బార్‌లో ఎలైజా క్రెయిగ్ బ్రాండ్ మామూలు బర్బన్ స్మాల్ బ్యాచ్, దాని టోస్టెడ్ బ్యారెల్, రెండూ పక్కపక్కన పోయించుకున్నాను. ఆ బ్రాండ్ తయారుచేసే హెవెన్ హిల్ వాళ్లు ఈ టోస్టెడ్‌ని 2020లో తెచ్చారు. దీని రెండో పీపాని ఇండిపెండెంట్ స్టేవ్‌తో కలిసి రూపొందించారు, మేం చూసిన కార్ఖానా కూడా ఆ సంస్థదే. కాచిన తర్వాత మంట ఒక్క క్షణం చూపిస్తారు. రెండు సీసాల్లోనూ ఆల్కహాల్ 47 శాతమే. ఘాటు సమానం కాబట్టి నాలుక మీద తేడా అంతా పీపాదే. అందుకే ఈ జోడీని ఎంచుకున్నాను.

మామూలుది ముక్కుకి వెనిలా, కొంచెం దాల్చినచెక్క, గొంతులో మిరియాల మంట. టోస్టెడ్ దగ్గర మంట వెనక్కి జరిగింది. ముదురు పాకం, కాల్చిన చక్కెర, ఆ తర్వాత వేయించిన పల్లీ పొట్టు లాంటి చిరుచేదు. మింగాక చాలాసేపు పొగ వాసన. రెండు చుక్కల నీళ్లు వేస్తే తీపి ఇంకా విచ్చుకుంది, చేదు కూడా. మొదటి రెండు గుక్కలు అద్భుతం. గ్లాసు సగానికొచ్చేసరికి చెక్క పైచేయి అయి, మొక్కజొన్న కమ్మదనం మరుగున పడింది. భోజనం తర్వాత చిన్న గ్లాసుడుకి ఇంతకు మించింది లేదు. సాయంత్రమంతా కూర్చుని మాట్లాడుకోవడానికైతే నాకు మామూలుదే ఇష్టం.

మూడో రోజు వర్సేల్స్ అనే ఊరి దగ్గర వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డిస్టిలరీ. పేరు ఫ్రెంచి ‘వెర్సాయ్’దే అయినా అక్కడివాళ్లు ‘వర్సేల్స్’ అనే పలుకుతారు. గుర్రాల పొలాలు, తెల్ల కంచెలు, 1838 నాటి రాతి కట్టడం, పీపాలు దొర్లించే పట్టాలు. ముగ్గురు పిల్లలతో వచ్చిన కుటుంబం కూడా హాయిగా తిరుగుతోంది. రెండు పీపాల్లో ఊరే వీళ్ల బర్బన్, డబుల్ ఓక్డ్, 2012 నుంచి ఉంది. రెండో పీపాని బాగా లోతుగా కాచి, పైన కొద్దిగా మాడుస్తారు. ఎలైజా క్రెయిగ్ టోస్టెడ్ కన్నా మెత్తగా, తేనె వైపు మొగ్గుతుంది. పైగా ఏడాదంతా షాపుల్లో దొరుకుతుంది. టోస్టెడ్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు అరుదైన సీసా కోసం రెండింతల ధర పోయకుండా దీంతో మొదలుపెట్టవచ్చు. ఇక్కడికి మాత్రం ముందే బుక్ చేసుకుని వెళ్లాలి. మా ముందున్న జంటని టికెట్లు లేవని వెనక్కి పంపేశారు.

తిరుగు దారిలో గోదాముల చుట్టూ చెట్ల మొదళ్లు మసి పూసినట్టు నల్లగా కనిపించాయి. పీపాల్లోంచి ఆవిరయ్యే ఆల్కహాల్ మీద బతికే బూజు అది. గోడల మీద కూడా పడుతుంది.

నేను డబుల్ ఓక్డ్ రెండు సీసాలు కొన్నాను. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్లవచ్చు. సీలు విప్పకుండా, బట్టల్లో చుట్టి, చెక్ ఇన్ పెట్టెలో పెట్టాలి. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒకటి అనకాపల్లిలో మామయ్యకిస్తాను. ఆయన నలభై ఏళ్లు బెల్లం మార్కెట్‌లో పని చేశారు. మూత తీసి ముందు వాసన చూడమంటాను.