డబ్బా దుంపలు, ఎయిర్ ఫ్రయర్, మధ్యలో నీళ్లు

ముందే చెప్పేస్తున్నాను, నా కోపం ఎయిర్ ఫ్రయర్ మీద కాదు, డబ్బా మీద కూడా కాదు. ఆ డబ్బాలో ఉన్న నీళ్ల మీద. రెండేళ్లకు పైగా వారానికి ఒకటి రెండుసార్లు డబ్బా బంగాళాదుంపల్ని కరకరలాడించే పనిలో ఉన్నాను. మొదటి మూడు నెలలూ నేను చేసింది వంట కాదు, నీళ్లతో కుస్తీ.

పచ్చి దుంపలుండగా డబ్బావి ఎందుకూ అంటే, నా కుడి మణికట్టు వల్ల. అక్కడ నరం నొక్కుకుపోయింది. పీలర్ పట్టుకుని నాలుగు దుంపలు చెక్కు తీసేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. డబ్బాలో దుంపలు చెక్కు తీసి, ఉడికించి, కోడిగుడ్డంత సైజులో సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు కదా, వాళ్లు చెక్కు తీయరా అని అడగొచ్చు. ఆ సమీక్ష వేరే రాయాలి.

మొదటిసారి డబ్బా విప్పి, నీళ్లు వంపి, టిష్యూతో అద్ది, నూనె రాసి, 180 డిగ్రీల్లో 15 నిమిషాలు పెట్టాను. తీసి చూస్తే పాలిపోయి, పైన తోలులాంటి పొర కట్టి ఉన్నాయి. కరకర మాట అటుంచి, పళ్ల కింద సాగాయి. మా అబ్బాయి ఒకటి నమిలి, "అమ్మా, ఇది ఉడకబెట్టిన దుంపే. కాస్త కోపంగా ఉందంతే" అన్నాడు.

వేడి పెంచాను. టైమ్ పెంచాను. నూనె పెంచాను. కార్న్‌ఫ్లోర్ పట్టించి చూశాను. తడి దుంపకు కార్న్‌ఫ్లోర్ రాస్తే పొడిగా ఎందుకుంటుంది, గంజిలా మారి బుట్ట చిల్లుల్లో గడ్డకట్టింది. దుంపల్ని గ్లాసు అడుగుతో చదునుగా నొక్కితే అంచులు బాగా వేగుతాయని ఎవరో చెప్పారు. మాట నిజమే, కానీ తడిగా ఉన్న దుంపను నొక్కబోతే అది జారి గట్టు మీంచి ఎగిరి సింకులో పడింది. ఒకటి కాదు, మూడు.

తప్పెక్కడుందో నెమ్మదిగా అర్థమైంది. డబ్బాలో దుంపల్ని ముందు మూత బిగించేసి, ఆ తర్వాత ఆవిరి ఒత్తిడిలో 120 డిగ్రీల దరిదాపుల్లో ఉడికిస్తారు. అంటే మన చేతికొచ్చేది పూర్తిగా ఉడికి, నెలల తరబడి ఉప్పునీళ్లలో నానిన సరుకు. దుంప పైన తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఫ్రయర్ ఇచ్చే వేడంతా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది. ఎర్రగా వేగి పొర కట్టాలంటే 140 డిగ్రీలైనా రావాలి. టిష్యూతో అద్దితే పోయేది పైపై తడే. రెండు నిమిషాలు ఆగి మళ్లీ ముట్టుకుంటే దుంపకు చెమట పట్టినట్టు మళ్లీ తడి.

దీనికి మందు నేను కనిపెట్టలేదు. మతిమరుపు కనిపెట్టింది.

ఒక రాత్రి డబ్బా విప్పి, దుంపల్ని కడిగి, ఒక్కోదాన్ని రెండు ముక్కలు చేసి, పళ్లెంలో పాత నూలు గుడ్డ పరిచి దానిమీద ఆరబెట్టాను. ఇంతలో మా అక్క ఫోన్ చేసింది. అక్క ఫోన్ చేస్తే గంటకు తక్కువ ఉండదు. ఆ రోజు గంటన్నర అయింది. మాట్లాడుతూనే ఉన్నదేదో తినేశాం, పళ్లేన్ని మూత కూడా పెట్టకుండా ఫ్రిజ్‌లోకి తోసేసి పడుకున్నాను. మర్నాడు సాయంత్రం గుర్తొచ్చి తీస్తే, దుంపలు చూడ్డానికి అస్సలు బాగాలేవు. కోసిన వైపు సుద్దముక్కలా తెల్లబారింది, అంచులు కాస్త ముడుచుకున్నాయి. పారేద్దామనుకున్నాను. వేలితో రాస్తే మాత్రం పొడిగా, మెత్తటి చాక్‌పీసును తాకినట్టుంది. సరే, పోయేదేముందని చెంచాన్నర నూనె కలిపి 200 డిగ్రీల్లో పెట్టాను.

పది నిమిషాలకు కుదుపుదామని బుట్ట బయటికి లాగాను. అప్పటిదాకా ప్రతిసారీ బుట్ట కుదిపితే తడిబట్ట నేలమీద పడ్డట్టు దబ్‌మని చప్పుడొచ్చేది. ఆ రోజు గలగలమంది. గులకరాళ్లు కదిపినట్టు. నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఇంకో మూడుసార్లు కుదిపాను, అవసరం లేకపోయినా. ఇంకో ఎనిమిది నిమిషాలయ్యాక తీసి ఒకటి కొరికితే పైపొర పలచటి గాజులా విరిగింది, లోపల వెన్నలా ఉంది. టేబుల్ మీదికి గిన్నె వెళ్లేలోపు సగం అయిపోయాయి. మా అబ్బాయి ఫ్రయర్ పక్కనే నిలబడి, నాలుక కాల్చుకుంటూ తిన్నాడు. ఈసారి వ్యాఖ్యానం లేదు.

ఫ్రిజ్‌లో గాలి పొడిగా ఉంటుంది, రాత్రంతా దుంప పైతడిని లాగేస్తుంది. దాంతోపాటు, ఒకసారి ఉడికి చల్లారిన పిండిపదార్థం చలిలో గట్టిపడుతుంది. ఈ రెండూ కలిసి పనిచేశాయి. పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారే అని అనుమానం రావచ్చు. పచ్చివాటిలో చలికి పిండి కొంత చక్కెరగా మారుతుంది, వేయిస్తే త్వరగా నల్లబడతాయి. డబ్బావి ఎప్పుడో ఉడికిపోయాయి కాబట్టి వాటికి ఆ గొడవ లేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇదే. మేం వాడే డబ్బా 567 గ్రాములు, నీళ్లు తీస్తే 345. డబ్బా మీద ఈ రెండు అంకెలూ ఉంటాయి, కొనేటప్పుడు రెండోది చూసుకోండి. కడగడం, కోయడం, గుడ్డ మీద పరవడం, మూత లేకుండా ఫ్రిజ్. మర్నాడు 3 నిమిషాలు ఖాళీ ఫ్రయర్ వేడి చేసి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, 200 డిగ్రీల్లో 10 నిమిషాలు, ఒక కుదుపు, ఆపైన ఇంకో 8 నిమిషాలు. మిరియాల పొడి, కారం, వెల్లుల్లి పొడి తీశాకే చల్లాలి. ముందే చల్లితే మాడి చేదెక్కుతాయి. కార్న్‌ఫ్లోర్ మానేశాను. దుంప పొడిగా ఉంటే దాని అవసరం లేదు, తడిగా ఉంటే దానివల్ల లాభం లేదు.

ఒక్క విషయం మాత్రం ఇంకాస్త చెప్పాలి. రంగు చూసి దించొద్దు. ఎరుపు రావాలంటే వేడితోపాటు కాస్త చక్కెర కూడా కావాలి. దుంపలోని చక్కెర కొంత డబ్బా నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లు మనం పారబోస్తాం. అందుకే ఇవి పచ్చి దుంపలంత ఎర్రగా వేగవు. నేను మొదట్లో ఆ ముదురు రంగు కోసం అరగంట దాకా ఉంచి, చెక్కముక్కల్లాంటివి తయారుచేశాను. పైగా పిండిపదార్థాన్ని బాగా మాడిస్తే అక్రిలమైడ్ అనే హానికర రసాయనం పెరుగుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టినప్పటినుంచి, లేత బంగారు రంగు దగ్గరే ఆపమని సలహా. కాబట్టి నేను కళ్లతో కాదు, చెవితో వండుతాను. గలగలమంటే అయినట్టే.

ఇంతవరకూ చదివితే అంతా బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. కాస్త ఆగండి.

ఆ కరకర ఆయుష్షు పది నిమిషాలు. నిజంగానే పది. లోపలి తడి మళ్లీ పైపొరలోకి వచ్చేస్తుంది, పావుగంటకు మెత్తబడి మొదటికొస్తుంది. మా బుట్టలో ఒక వరసలో సగం డబ్బా ముక్కలే పడతాయి. రెండో వాయి తీసేసరికి మొదటి వాయి మెత్తబడిపోతుంది. ఇంటికి నలుగురొస్తే ఈ వంట పెట్టుకోను. ఒకసారి పెట్టుకున్నాను, గంటసేపు వంటింట్లోనే నిలబడి, వచ్చినవాళ్లతో గుమ్మంలోంచే మాట్లాడాను.

రుచి సంగతి కూడా. మొదటి ఏడాది అందరికీ "పచ్చి దుంపలకు ఏమాత్రం తీసిపోవు" అని చెప్పాను. ఆ మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. పైపొరలో తీసిపోవు. లోపల మాత్రం దుంప వాసన తక్కువ, ఉప్పునీళ్ల రుచి ఎక్కువ. కడిగితే పైన ఉప్పు పోతుంది గానీ లోపలికి దిగింది ఎక్కడికి పోతుంది? నేను విడిగా ఉప్పు వేయడం పూర్తిగా మానేశాను, అయినా బీపీ ఉన్న మా వారికి ఇవి రోజూ పెట్టే వస్తువు కాదు. ఇంకొకటి, డబ్బా డబ్బాకూ తేడా ఉంటుంది. కొన్ని గట్టిగా, కోస్తే నున్నగా తెగుతాయి. కొన్ని చాకు తగలగానే పొడిపొడి అయిపోతాయి. దుంపలు చెదరకుండా కొందరు కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. ఆ పేరు ఉన్న డబ్బాలే నాకు బాగా కుదిరాయి, ఇది నా అనుభవం మాత్రమే.

"బుట్ట కడగడం ఎంత సుఖమో" అని కూడా చెప్పుకుని తిరిగాను. ఆరు నెలల తర్వాత బుట్ట అడుగున గోధుమ రంగు జిగురు పొర కనిపించింది. వేడినీళ్లు, సబ్బు, నానబెట్టడం, దేనికీ లొంగలేదు. కారణం నేను చేతినొప్పికి సులువని వాడిన స్ప్రే నూనె. అలాంటి చాలా స్ప్రేల్లో నూనెతోపాటు లెసిథిన్ అనే పదార్థం కూడా ఉంటుంది, అది వేడికి నాన్‌స్టిక్ పూత మీద అతుక్కుపోయి పొరలు పొరలుగా పేరుకుంటుంది. వదిలించబోయి గట్టిగా రుద్దాను, జిగురుతోపాటు పూత కూడా లేచింది. కొత్త బుట్ట కొనాల్సి వచ్చింది. యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో స్ప్రే వాడొద్దని రాసే ఉంది, బుట్ట పాడయ్యాక చదివాను. ఇప్పుడు గిన్నెలో చెంచాన్నర నూనె వేసి చేత్తో కలుపుతున్నాను.

బుట్ట పాడవకుండా అడుగున బేకింగ్ పేపర్ వేద్దామనే తెలివి కూడా చూపించాను. ఖాళీ ఫ్రయర్ వేడెక్కుతున్నప్పుడు పేపర్ ఒక్కటే లోపల పెడితే ఏమవుతుందో తెలుసా? ఫ్యాన్ గాలికి లేచి పైన కాయిల్‌కు అంటుకుంటుంది. కాలిన వాసన రాగానే స్విచ్ ఆపాను కాబట్టి అంచు నల్లబడడంతో పోయింది. మీకు పేపర్ కావాలంటే దుంపలతోపాటే, వాటి బరువు కింద పెట్టండి. నేనైతే మానేశాను. పేపర్ వేస్తే కింది నుంచి గాలి ఆడదు, అడుగు మళ్లీ మెత్తగానే ఉంటుంది.

అన్నిటికంటే నన్ను గిల్లే సంగతి వేరే ఉంది. డబ్బా కొనేదే అప్పటికప్పుడు వండుకోవడానికి. రేపు తినాలంటే ఇవాళే డబ్బా విప్పాలన్నప్పుడు ఇక డబ్బా ఎందుకు? ఆ రోజుకారోజే తినాలంటే నేను చేసే అడ్డదారి ఒకటుంది: నూనె లేకుండా 120 డిగ్రీల్లో 8 నిమిషాలు ఆరబెట్టి, బయటికి తీసి ఆవిరి పోనిచ్చి, అప్పుడు నూనె కలిపి 200లో వేయించడం. రాత్రి ఆరబెట్టినదాంట్లో ముప్పావు వంతు బాగుంటుంది. ఆకలిగా ఉన్నప్పుడు ఆ ముప్పావు చాలు.

కొనొచ్చా అంటే, డబ్బా విషయంలో నా సమాధానం నా మణికట్టును బట్టి ఉంది. చెయ్యి బాగున్న రోజుల్లో పచ్చి దుంపలు ఉడకబెట్టి వేయించిన సందర్భాలున్నాయి, అవే బాగున్నాయి, దాచడమెందుకు. నొప్పి ఉన్న వారాల్లో మాత్రం ఈ డబ్బాలు లేకపోతే మా ఇంట్లో దుంప వంటే ఉండేది కాదు. కొనేటప్పుడు రింగు లాగితే తెరుచుకునే మూత ఉన్నవి చూసుకోండి. ఓపెనర్ తిప్పడం చెక్కు తీయడం కంటే కష్టం, ఇది డబ్బా ఇంటికి తెచ్చాకే తట్టింది. ఉబ్బినవి, అంచు దగ్గర గట్టిగా సొట్టపడ్డవి ముట్టుకోవద్దు. సగమే వాడితే మిగతావి డబ్బాలో ఉంచకుండా వేరే గిన్నెలోకి మార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో కానిచ్చేయండి.

ఎయిర్ ఫ్రయర్‌ను కేవలం ఈ పనికోసం కొనమని మాత్రం చెప్పను. మా ఇంట్లో అది ముందే ఉంది. ముగ్గురం కాబట్టి ఆ చిన్న బుట్ట సరిపోతోంది, అదీ ఒక్కోసారే.

ఈ రాత్రికి ఒక పళ్లెం ఫ్రిజ్‌లో ఉంది. మా వారికి ఫ్రిజ్‌లో మూత లేని గిన్నె కనిపిస్తే చేతులు ఊరుకోవు, ఇప్పటికి ఐదారుసార్లు మూతపెట్టి నా దుంపల్ని మళ్లీ తడిపారు. అందుకే పళ్లెం మీద పెద్ద అక్షరాలతో "మూత పెట్టొద్దు" అని చీటీ పెట్టాను. ఇందాక వెళ్లి చూస్తే చీటీ అలాగే ఉంది, దానిమీద మూత ఉంది.